కోటప్పకొండ ప్రభలు

నరసరావుపేట చేరువనున్న కోటప్పకొండకు మహాశివరాత్రినాటి సాయంకాలమున చేరితిమి. త్రికోటేశ్వరునికి మ్రొక్కుగా ఊరూరినుండి తరలివచ్చిన ప్రభలు కొండ క్రింద విద్యుద్దీపములతో వెలుగుచుండెను.

ప్రభ యనగా నేమి? కొయ్యతో, వెదురుతో ఎత్తుగా కట్టి, రంగుగుడ్డలు, దీపములు అలంకరించి బండిపై నిలిపిన చట్రము. కొన్ని 80 అడుగులు మించును. ఇంత ఎత్తయినదానికి గాలియే శత్రువు. కావున నలువైపుల మోకులు కట్టి, బండి కదలినంతసేపు మనుష్యులు బిగబట్టుదురు. ఒకవైపువారు ఏమరినచో ప్రభ ఒరగును.

"చేదుకో కోటయ్యా!" యని జనము ఎలుగెత్తి పిలుచును. చేదుట యనగా బావినుండి నీటిని త్రాటితో పైకి లాగుట. తమ్ము నట్లే చేదుకొమ్మని ఆ ప్రార్థన.

రాత్రియంతయు జాగరణమే. తెల్లవారుజామున, మోకు పట్టి అరచేతులు కందిన ఒక వృద్ధుని, "కన్ను మూయలేదా, తాతా?" యని అడిగితిమి.

"ప్రభ మళ్ళీ ఊరు చేరిందాకా కన్నెట్టా మూతపడుద్ది నాయనా!" యనెను.