మూడడుగులు ముందుకు, ఒక గెంతు వెనక్కి

రెండేళ్లకోసారి జరిగే మేడారం జాతర ఎప్పుడంటే మాఘ శుద్ధ పౌర్ణమి వేళ అంటారు. తేదీ ఎంతంటే మాత్రం చప్పున చెప్పలేరు. పాత క్యాలెండర్లు ముందేసుకుని జాతర ఏళ్లలో మాఘ పౌర్ణమి ఏ రోజు వచ్చిందో రాసి చూడండి. 2010లో జనవరి 30. 2012లో ఫిబ్రవరి 7, 2014లో 14, 2016లో 22. వారం, ఎనిమిది రోజుల చొప్పున జరుగుతూ పోయి 2018లో ఒక్కసారిగా జనవరి 31కి దూకింది. మళ్లీ అదే వరస: ఫిబ్రవరి 9, 16, 24. ఆపైన 2026లో ఫిబ్రవరి 1.

గుట్టంతా అధికమాసంలో ఉంది. చాంద్రమాసం సుమారు 29.53 రోజులు. పన్నెండు నెలలు కలిపినా 354 రోజులే. సూర్యుడి ఏడాదికి 11 తక్కువ, రెండేళ్లకు 22 తక్కువ. మధ్యలో అధికమాసం పడితే ఆ లోటు తీరి ఎనిమిది రోజులు మిగులుతాయి. 2010లో అధిక వైశాఖం, 2012లో అధిక భాద్రపదం, 2015లో అధిక ఆషాఢం వచ్చాయి. 2016, 2018 జాతరల నడుమ ఏదీ రాలేదు. అందుకే ఆ వెనక గెంతు.

ముందుకు మూడు ఎనిమిదులు, వెనక్కి ఒక ఇరవైరెండు. భిన్నాలతో సహా కచ్చితంగా లెక్కిస్తే తేలేది రోజున్నర. అంటే ప్రతి ఎనిమిదేళ్లకూ పౌర్ణమి దాదాపు పాత తేదీకే వస్తుంది, కాస్త జరిగి. 2010, 2018, 2026 పక్కపక్కన పెట్టండి: జనవరి 30, జనవరి 31, ఫిబ్రవరి 1. ముచ్చటేస్తుంది. అయితే ఆ రోజున్నరలు పోగుపడితే ఎప్పుడో ఒకప్పుడు మాఘం దాటిపోతుంది కాబట్టి, ఈ వరస కలకాలం సాగేది కాదు.

ఇంతకంటే పక్కా లెక్క పంతొమ్మిదేళ్లది. 235 చాంద్రమాసాలు 19 ఏళ్లకు ఇంచుమించు సరిపోతాయి. క్రీస్తుపూర్వం అయిదో శతాబ్దంలో ఏథెన్స్‌కు చెందిన మెటన్ పేరుతో ఇది ప్రసిద్ధి. 2006లో పౌర్ణమి ఫిబ్రవరి 13న, 2025లో ఫిబ్రవరి 12న. కానీ మేడారానికి ఈ లెక్కతో పెద్ద ఉపయోగం లేదు. 19 బేసి సంఖ్య మరి! 2006 పెద్ద జాతర ఏడాది, 2025లో జరిగింది మినీ జాతర. రెండేళ్ల జాతరకు ఎనిమిదేళ్ల లెక్కే అక్కరకొస్తుంది.

పౌర్ణమి ఒక్కటే చాలదు, వారం కూడా కుదరాలి. జాతర దేవతలు బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ, గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క మేడారం గద్దెలకు వస్తారు. శుక్రవారం మొక్కులు, శనివారం వనప్రవేశం. తేదీలు ఖాయం చేసేది కోయ పూజారులు. అందుకే జాతరకూ పౌర్ణమికీ కొన్ని రోజులు అటూ ఇటూ అవుతుంది. 2016లో ఫిబ్రవరి 17 నుంచి 20 దాకా జాతర, పౌర్ణమేమో 22న, సోమవారం. 2012లో మంగళవారం పౌర్ణమి వెళ్లిన మర్నాడు జాతర మొదలైంది. చంద్రుణ్ణీ వారాన్నీ కలిపి చూసే పండుగ ఇంకోటి ఉంది, ఈస్టర్.

2018 జాతర తొలిరోజు, జనవరి 31న, సంపూర్ణ చంద్రగ్రహణం. చంద్రుడు ఉదయించేసరికే గ్రహణం పట్టి ఉంది. సాయంత్రం 6.21 నుంచి 7.37 దాకా ఎర్రగా కనిపించాడు. ఆ జనవరిలో పౌర్ణములు రెండు, ఫిబ్రవరిలో ఒక్కటీ లేదు.

పౌర్ణమే కాదు, ఊరి చిరునామా కూడా కదిలింది. 2014 జాతర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది. 2016లో వరంగల్ జిల్లా, 2018లో జయశంకర్ భూపాలపల్లి, 2020లో ములుగు. మేడారం మాత్రం జంపన్న వాగు పక్కన ఉన్నచోటే ఉంది.

తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగదీ చంద్రుడి లెక్కే. హిజ్రీ క్యాలెండర్‌లో అధికమాసం లేదు కనుక అది ఎండల్లోకీ వానల్లోకీ చలిలోకీ జరుగుతూ సుమారు 33 ఏళ్లకు చుట్టు తిరిగి వస్తుంది.

మళ్లీ మేడారానికి వస్తే, 2026లో అధిక జ్యేష్ఠం ఉంది. కాబట్టి 2028 మాఘ పౌర్ణమి ముందుకే జరిగి ఫిబ్రవరి 10న వస్తుంది. ఆ రోజు గురువారం. పూజారులు ఆ వారాన్నే ఖాయం చేస్తే, సమ్మక్క గద్దెకు చేరే నాడే నిండు పున్నమి.