పండ్లపొడులును నోటిమంటయు

కాళేశ్వరమున గోదావరీ ప్రాణహితల సంగమమునకు స్నానార్థమై వచ్చు పెద్దలు కొందఱు నేఁటికిని వేపపుల్ల నమలుచుందురు. పిల్లల చేతులలో మాత్రము టూత్‌పేస్టు గొట్టములే కానవచ్చును. వేపపుల్లను మన పెద్దలు తమ నోళ్లతోనే పరీక్షించి మనకిచ్చిరి. సోదరీమణులారా! ఈ పేస్టును, పుక్కిలించు మందునీటిని ముందుగాఁ బరీక్షించిన నోరెవ్వరిది?

చాలకాలము ఆ నోరు మూగజీవములది. హామ్‌స్టరు అను చిన్న యెలుకజాతి జంతువునకు బుగ్గలలో గింజలు దాఁచుకొను సంచులుండును. పరీక్షింపవలసిన ద్రవ్యమును ఆ సంచిలో నుంచి, యది యెఱ్ఱవాఱినదా, పుండుపడినదా యని చూచెడివారు. ఆ ప్రాణి పడిన బాధ యటుండఁగా, దాని సంచి లోపలిపొర గట్టిపడి యుండును. మన బుగ్గ లోపలిది మెత్తనిది. ఒకదాని సాక్ష్యము రెండవదాని కెంతవఱకుఁ జెల్లును?

అందుచే శాస్త్రజ్ఞులిపుడు మనుష్యుల నోటి కణములనే పెంచుచున్నారు. సన్నని రంధ్రములుగల పొర యడుగుగాఁ గల చిన్న గిన్నెలో కణములను నాటుదురు. పోషకద్రవము క్రిందినుండి మాత్రమే యందును; పైభాగము గాలికి విడువఁబడును. అట్లుంచిన కణములు పొరమీఁద పొరగా నెదిగి, బుగ్గ లోపలి చర్మమును బోలును. అమెరికాలోని మాట్‌టెక్ సంస్థవారి ఎపిఓరల్ ఇట్టిది. ఫ్రాన్సులోఁ బుట్టిన స్కిన్‌ఎథిక్ నమూనాను బుగ్గకాన్సరునుండి వచ్చిన టి.ఆర్. 146 అను కణసంతతితోఁ జేయుదురు. ఒకరి ప్రాణమునకు ముప్పు తెచ్చిన కణమే పదుగురి నోళ్లను గాపాడుట వింత గదా!

ఆ కణజాలముపై పేస్టును నీటఁ గలిపి పోసి, కొంతసేపుంచి, కడిగివేయుదురు. పిమ్మట ఎం.టి.టి. అను పసుపుపచ్చని రంగు నిత్తురు. బ్రతికియున్న కణములు దానిని ఊదారంగుగా మార్చును, చచ్చినవి మార్చలేవు. ఊదారంగును గొలిచి, సగము కణములు నశించుట కెంత కాలము పట్టెనో లెక్కింతురు. త్వరగా నశించిన ద్రవ్యము కటువైనది. నురుగుకై కలుపు సోడియం లారిల్ సల్ఫేటు కొందఱి నోటి లోపలిపొర నూడఁజేయును. నురుగెక్కువైనకొలఁది పండ్లు శుభ్రమగునని అంగళ్లలోఁ జెప్పు మాట నాకు రుచింపదు.

సౌందర్యసాధనములను జంతువులపైఁ బరీక్షించుటను మన ప్రభుత్వము 2014లో నిషేధించినది. మన శాసనమున సాధారణపు టూత్‌పేస్టు వానిలోనిదే. హైదరాబాదున సి.సి.ఎం.బి. వారి అటల్ ఇంక్యుబేషన్ కేంద్రమును, హ్యుమేన్ సొసైటీ ఇంటర్నేషనల్ భారతశాఖయుఁ గలిసి, జంతువులకు మాఱుగా మానవకణ నమూనాలను వ్యాపింపఁజేయుటకై యొక సంస్థను నెలకొల్పినవి.

అయినను గిన్నెలోని బుగ్గకు లాలాజలము లేదు, నెత్తురు లేదు, నరములు లేవు. కణములు చచ్చుట దానివలనఁ దెలియును గాని, మంటను జెప్పునది నరమే. ఒకనికిఁ బడి వేఱొకనికిఁ బడకపోవుటయు దానికిఁ దెలియదు. కావునఁ గ్రొత్త పేస్టు నోటిని మండించుచున్నదని బిడ్డ చెప్పిన, పండ్లు తోముకొనక తప్పించుకొను సాకని కసరరాదు. దానిని మాని, నురుగు తక్కువగల వేఱొకదానితోఁ దోమించి చూడుఁడు. పుండు రెండు వారములకును మానకున్న దంతవైద్యునికిఁ జూపవలెను. పేస్టు గొట్టమును గూడ వెంటఁ గొనిపొండు. ద్రవ్యముల పేర్లు దానిమీఁదనే యుండును.