పుక్కిలింత మందులు

నోరు పుక్కిలించుట మన దేశమునకు క్రొత్తగా నేర్పవలసిన విద్య కాదు. భోజనమైన పిమ్మట నోరు కడుగుకొనక పడకపై వ్రాలిన పిల్లవానిని ఇంటి ముసలమ్మ గద్దించి లేపుట నేటికిని గలదు. ఆయుర్వేదమున దీనికి రెండు పేళ్లున్నవి. కదల్ప వీలులేనంత నిండుగా నోట ద్రవమును నిలిపియుంచుట గండూషము. సుఖముగా ఇటునటు త్రిప్పదగినంత తీసికొని పుక్కిలించుట కవళము. సుశ్రుతసంహితలో ఈ భేదము స్పష్టముగా చెప్పబడియున్నది. కావున రంగురంగుల సీసాలలో అంగళ్లకు వచ్చుచున్న మౌత్‌వాష్ మనకు వింత వస్తువు కానక్కరలేదు. దానినిగూర్చి వర్తకులు చెప్పు మాటలే వింతగా నున్నవి.

లిస్టరిన్ చరిత్ర నెఱిగినవారికి ఈ సంగతి బోధపడగలదు. 1879లో అమెరికాయందు జోసెఫ్ లారెన్సు అను వైద్యుడు దానిని తయారుచేసి, శస్త్రచికిత్సలో క్రిమిసంహార పద్ధతిని నెలకొల్పిన జోసెఫ్ లిస్టరు పేరు దానికి పెట్టెను. మొదట అది శస్త్రవైద్యులు వాడు క్రిమినాశకము. పిదప దంతవైద్యుల చేతికి వచ్చెను. 1920 తరువాతి దశాబ్దమున వర్తకులు హేలిటోసిస్ అను మాటను ప్రచారమునకు దెచ్చి, నోటి దుర్వాసన యను అందఱెఱిగిన సంగతికి రోగనామము తగిలించి, పెండ్లి కుదురని కన్యల బొమ్మలతో ప్రకటనలు నింపిరి. ముందు సిగ్గును అమ్మినచో సీసా దానంతట నదియే అమ్ముడువోవును గదా! జలుబును, గొంతునొప్పిని సయితము ఇది నివారించునని అనేక సంవత్సరములు చాటుచు వచ్చిరి. 1975లో ఆ దేశపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ మాటలో నిజము లేదని నిర్ణయించి, ఆ సంగతిని కంపెనీయే తన ప్రకటనలలో ఒప్పుకొనవలెనని ఉత్తరువు చేసెను. 1977లో అప్పీలు న్యాయస్థానము ఆ ఉత్తరువును చాలవఱకు స్థిరపఱచెను. తన సరుకు చేయలేని పనిని తన ఖర్చుతోనే చాటింపు వేయు వర్తకుని మన దేశమున ఎన్నడు చూతుమో!

అయినను ఈ మందులన్నియు వ్యర్థములని మేము చెప్పుట లేదు. వాని మేర యెంతయో తెలియవలయును. పండ్లపై పట్టు పాచి వట్టి అన్నపు మడ్డి కాదు. లెక్కకు మిక్కిలియైన సూక్ష్మజీవులు జిగురులో కట్టుకొన్న గూడు. పైని పోసిన ద్రవము దాని లోతునకు చొరజాలదు. తొట్టికి పట్టిన నాచు నీళ్లు త్రిప్పినంత మాత్రమున పోవునా? రుద్దవలసినదే. ఆ పాచి గట్టిపడి గారగా మాఱినచో బ్రష్షునకు గాని వేపపుల్లకు గాని లొంగదు. దంతవైద్యుడు గీచి తీయవలెను.

శుభ్రమైన పండ్లపై క్రొత్త పాచి చేరకుండ అడ్డుకొనుట వేఱు సంగతి. ఇందు క్లోర్‌హెక్సిడిన్ అను మందు సమర్థమైనది. నూటికి 0.2 వంతు గల దీని ద్రావణముతో దినమునకు రెండు మాఱులు పుక్కిలించినచో పాచి కట్టదని హరాల్డ్ లో, షియాట్ అను పరిశోధకులు 1970లో ప్రకటించిరి. చిగుళ్లకు శస్త్రచికిత్స జరిగినవారికి, చేతులు స్వాధీనములో లేక పండ్లు తోముకొనలేని రోగులకు ఇది గొప్ప యుపకారము. కాని నెలల తరబడి వాడినచో పండ్లు గోధుమరంగునకు తిరుగును, నాలుకకు రుచి చెడును. వైద్యుడు చెప్పినన్ని దినములే దీనిని వాడవలయును.

పిప్పిపండ్లను అరికట్టుటకై ఫ్లోరైడు కలిపిన మందులు మఱియొక తెగ. వీనిని పండ్లు తోమిన వెంటనే వాడుట పొరపాటు. పేస్టులో ఫ్లోరైడు అంతకంటె హెచ్చుగా నుండును గనుక, అట్లు పుక్కిలించుట మంచి మందును పలుచని మందుతో కడిగివేయుటయే. ఉమ్మి వేయుట చక్కగా తెలియని ఆరేండ్లలోపు పిల్లలకు వీనిని ఈయరాదు. నెల్లూరు జిల్లా గ్రామములలో నీటి ఫ్లోరైడువలన ఎముకలు, పండ్లు చెడుచున్నవని 1937లోనే వైద్యులు ప్రకటించిరి. నల్లగొండ పల్లెల బాధ లోకవిదితము. నీటిలోనే ఫ్లోరైడు మిక్కుటమైన చోట్ల తలిదండ్రులు వైద్యుని అడుగక ఈ సీసాను కొనరాదు.

మాకు అన్నింటికంటె భయము గొలుపు సంగతి వేఱొకటి యున్నది. దుర్వాసన చాలమందిలో నోటినుండియే పుట్టును. చీముపట్టిన చిగుళ్లు, పుచ్చిన పండ్లు, నాలుక మొదట పేరుకొన్న పాచి దానికి హేతువులు. సుగంధపు మందు దానిని కొంతసేపు కప్పిపుచ్చునే గాని హేతువును తీసివేయదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములందు చుట్ట నిప్పును నోటిలోనికి పెట్టి పీల్చు అడ్డపొగ అలవాటు ముఖ్యముగా స్త్రీలలో కలదు; దానివలన అంగిటికి పుట్టకురుపు వచ్చుట వైద్యులు చిరకాలముగా చూచుచున్నారు. గుట్కా నమలువారి బుగ్గల గతియు నట్టిదే. వాసన తెలియకుండ పుక్కిలించి, మానని పుండును మఱచి తిరుగువాడు చికిత్సకు అదనైన కాలమును చేజార్చుకొనుచున్నాడు. రెండు మూడు వారములలో మానని పుండు గాని, తెల్లని మచ్చ గాని నోట కనబడెనా, సీసాను ప్రక్కన బెట్టి ఆసుపత్రికి పోవలయును.

చిన్న నొప్పులకు గోరువెచ్చని ఉప్పునీరు చాలును. పన్ను తీయించుకొన్నవారు మాత్రము మొదటి దినము దేనితోను పుక్కిలింపరాదు. గడ్డకట్టిన నెత్తురు ఊడిపోవును.

కడపట ప్రభుత్వమునకు ఒక మాట. తొలి తరహా లిస్టరిన్‌లో నూటికి 26.9 పాళ్లు ఆల్కహాలు. తాటికల్లుకంటె అది ఎన్నియో రెట్లు ఘాటు. ఇట్టి వివరములు, పిల్లలకు అందనీయరాదను హెచ్చరికయు సీసాలపై తఱచుగా ఆంగ్లమున, చత్వారపు కన్నులకు ఆనని అక్షరములలో నుండును. తెలుగునాట అమ్ము ప్రతి సీసాపైని అవి తెలుగున, పెద్ద అక్షరములతో అచ్చు వేయించునట్లు చట్టము చేయవలెనని మేము కోరుచున్నాము.