బల్ల మీద పడవ పందెం

హైడ్రోప్లేన్ అంటే విమానం కాదండోయ్, పడవే! కాకపోతే నీళ్ళని చీల్చుకుంటూ పోయే పడవ కాదు. చెరువు గట్టున నిలబడి పల్చటి పెంకు ఒడుపుగా విసిరితే నీటి మీద తాకీ తాకనట్టు గెంతుకుంటూ పోతుందే, అచ్చం ఆ వరస. ముందు రెండు పక్కలా రెండు పాదాల్లాంటివి, వెనక సగం మునిగి సగం తేలి తిరిగే ప్రొపెల్లరు... వేగం అందుకున్నాక పడవ ఈ మూడు చోట్లే నీటిని తాకుతుంది. ప్రొపెల్లరు చిమ్మిన నీళ్ళు వెనకాల మేడంత ఎత్తు లేస్తాయి. దాన్ని అక్కడివాళ్ళు కోడిపుంజు తోక అంటారు. సంక్రాంతి పందెం కోళ్ళని చూసిన మనకి ఆ పేరు వేరే వివరించాలా?

అక్కడ అంటే అమెరికాలో, ముఖ్యంగా సియాటిల్‌లో. 1950లో స్టాన్లీ సేయర్స్ అనే కార్ల వ్యాపారి పడవ ‘స్లో-మో-షన్ 4’ వాషింగ్టన్ సరస్సు మీద గంటకి 160 మైళ్ళు దాటి, అంటే మన లెక్కలో 258 కిలోమీటర్ల వేగంతో, ప్రపంచ రికార్డు కొట్టింది. అదే ఏడాది డెట్రాయిట్ వెళ్ళి గోల్డ్ కప్పు కూడా గెలుచుకొచ్చింది. ఇక ఊరంతా వెర్రెక్కిపోయింది. పిల్లలు చెక్కముక్కల్ని పడవల్లా కోసి, రంగులేసి, సైకిళ్ళకి తాడుతో కట్టుకుని వీధుల్లో లాక్కుంటూ తిరిగేవారట. ఇండియానాలో మేడిసన్ అనే చిన్న ఊరైతే ఊరుమ్మడిగా ఒక పడవ పెట్టుకుని, 1971లో తమ ఊళ్ళోనే జరిగిన పందెంలో గోల్డ్ కప్పు కొట్టింది. మనకి ఊరి దేవుడి రథంలా వాళ్ళకి ఊరి పడవ!

మగవాళ్ళ గోలేగా అని పేజీ తిప్పేయకండి. 1927లో ప్రెసిడెంట్స్ కప్పు గెలిచింది డెల్ఫీన్ డాడ్జ్ అనే ఆవిడ. ఆ డాడ్జ్ కార్లవాళ్ళ ఇంటి ఆడపడుచే.

ఇంతకీ నేను చెప్పొచ్చింది సరస్సు మీద పందెం గురించి కాదు, భోజనాల బల్ల మీద పందెం గురించి. ఈ పడవలంటే పిచ్చి ఉన్నవాళ్ళు వేలెడంత నమూనాలు చేసుకుని, గళ్ళు గీసుకుని, పాచికలతో ఇంట్లోనే ఆడుకుంటారు. 2023 వేసవిలో సియాటిల్ దగ్గర ఉండే మా అక్క ఇంటికి వెళ్ళినప్పుడు చూశానీ ఆట. అక్క కొడుకు పన్నెండేళ్ళవాడు, స్నేహితుడి ఇంట్లో నేర్చుకుని వచ్చి తనకి తోచినట్టు నియమాలు మార్చుకున్నాడు. అన్నాలు పెట్టుకునే బల్ల నిండా అట్టముక్కలు, జిగురు, రంగులు... “ఇవాళ కూడా సోఫాలో కూర్చుని తినాల్సిందేనా?” అని అక్క గొణుగుడు.

ఆ ఇంట్లో ఇంకొకావిడ ఉన్నారు. అక్క అత్తగారు. అంతకు ముందు ఏడాది మామగారు పోతే, ఒక్కర్నీ ఊళ్ళో ఉంచలేక బావగారు తీసుకొచ్చేశారు. పగలంతా కిటికీ దగ్గర కూర్చుని దూదితో వత్తులు చేసుకోవడమే ఆవిడ పని. ఆరు నెలలకి సరిపడా వత్తులు చేసేసినా ఆపరు. మనవడికి వచ్చిన తెలుగు మూడే మాటలు: తిన్నాను, వద్దు, బై. ఈవిడకి ఇంగ్లీషు బొత్తిగా రాదు. “టిక్కెట్టు ఎప్పుడు తీస్తావురా?” అని కొడుకుని రోజూ అడిగేవారు. బావగారు వినిపించుకోనట్టు ఊరుకునేవారు. ఇలాంటి మౌనాలు మన ఇళ్ళల్లో కొత్తేం కాదు, చూసేవాళ్ళకే ఊపిరాడదు.

ఒకరోజు వాడు పడవల వెనక నీటి తోక ఎలా చెయ్యాలో తెలియక టిష్యూ కాగితాలు నలిపి అంటిస్తున్నాడు. ఆవిడ లేచి వచ్చి, ఒక వత్తి తీసి పడవ వెనక పెట్టారు. అంతే, వాడి కళ్ళు మెరిశాయి! చిన్న వత్తి, నడిమి వత్తి, పొడుగు వత్తి... వత్తి పొడుగుని బట్టి పడవ వేగం తెలిసేలా వాడు అప్పటికప్పుడు నియమం రాసేశాడు. మర్నాటి నుంచి ముగ్గురం ఆటగాళ్ళం.

ఆట ఎలాగో చెప్తాను, మీరూ చేసుకోవచ్చు. పెద్ద డ్రాయింగు కాగితం మీద కోడిగుడ్డు ఆకారంలో మూడు దారులు గీయండి. తిన్నగా ఉండే రెండు వైపులా ఒక్కో దారికి 20 గళ్ళు. రెండు మలుపుల్లోనూ లోపలి దారికి 6, మధ్యదానికి 10, బయటిదానికి 14. అగ్గిపెట్టె అట్టతో పడవలు. చిన్న వత్తి ఉంటే వంతుకి 2 గళ్ళు, నడిమిదైతే 4, పొడుగుదైతే 6. వంతుకి ఒక్క మెట్టే పెంచాలి, లేదా తగ్గించాలి. మలుపులో లోపలి దారికి చిన్న వత్తే క్షేమం, మధ్యదానికి నడిమిది, బయటిదానికి ఏదైనా ఫరవాలేదు. హద్దు దాటారా, పాచిక వెయ్యాలి. ఒక మెట్టు దాటితే 1 గానీ 2 గానీ పడితే పడవ బోల్తా. రెండు మెట్లు దాటితే 4 వరకూ ఏది పడ్డా బోల్తాయే. ముందు పడవకి సరిగ్గా వెనక రెండు గళ్ళలోపు చేరితే నీళ్ళు మీద పడి మీ వత్తి ఒక మెట్టు తగ్గిపోతుంది. మూడు చుట్లు ఎవరు ముందు తిరిగితే వాళ్ళదే కప్పు.

అన్నిటికన్నా సరదా ప్రారంభం. ఈ పందెంలో పడవలు నిలబడి బయల్దేరవు, పరుగు మీదే వచ్చి సరిగ్గా గడియారం సున్నాకి చేరేసరికి గీత దాటాలి. మా ఆటలో పడవలు గీతకి 18 గళ్ళ వెనక నుంచి వస్తాయి. గడియారం 15 దగ్గర మొదలు, ప్రతి వంతుకీ ఒక పాచిక వేసి ఆ అంకె తీసేస్తూ పోవాలి. సున్నా కాకముందే దాటినవాళ్ళకి ఒక చుట్టు అదనం. అత్తయ్యగారికి తొందరెక్కువ. వాడు “బామ్మా, ఆగు! ఆగు!” అని అరిచేవాడు. వైకుంఠపాళీలో నిచ్చెనా పామూ మన చేతిలో లేవు. ఇందులో పాము నోట్లోకి వెళ్ళాలో వద్దో మనమే తేల్చుకోవాలి. అష్టాచెమ్మాలో ఏ కాయ నడపాలన్నట్టు.

అసలు గొడవ బోల్తా దగ్గర వచ్చింది. వాడి నియమం ప్రకారం బోల్తా పడ్డ పడవని తీసి పక్కన పెట్టాలి, మిగతావాళ్ళు ఆడుతూనే ఉంటారు. ఆవిడ ఒప్పుకోలేదు. “మనిషి నీళ్ళలో పడితే పందెం ఏంట్రా? అందరూ ఆగాలి” అన్నారు. వాడు నా చేత తెలుగులో చెప్పించాడు, ఇది నిజంగా ప్రమాదమైన ఆట అని. 1966 జూన్ 19న వాషింగ్టన్‌లో ఒక్కరోజే రాన్ మసన్, రెక్స్ మాంచెస్టర్, డాన్ విల్సన్ అనే ముగ్గురు పోయారట. 1981లో బిల్ మన్సీ అంతటివాడు కూడా పడవ గాల్లోకి లేచి తిరగబడే పోయాడు. 1980ల నడుమ నుంచి యుద్ధవిమానాలకున్నట్టు మూత బిగించాక ప్రాణాలు చాలా వరకు దక్కుతున్నాయి.

అన్నీ విని ఆవిడ అడిగిందొక్కటే. “వాళ్ళ ఇళ్ళల్లో ఎవరెవరున్నార్రా?”

వాడి దగ్గర పడవల పేర్లున్నాయి, వేగాలున్నాయి, ఇంజన్లున్నాయి. దానికి మాత్రం జవాబు లేదు. అప్పుడు చెప్పారావిడ. మామగారిని హైవే మీద లారీ గుద్దిన రోజున ఒక్క బండీ ఆగలేదని. గట్టిగా కూడా చెప్పలేదు, వత్తి నలుపుతూ చెప్పారు. బావగారు అక్కడే ఉన్నారు. ఏడాదిగా ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని మాట అది. ఆయన లేచి వెళ్ళిపోతారనుకున్నాను, వెళ్ళలేదు. కుర్చీ లాక్కుని తల్లి పక్కన కూర్చున్నారు.

రెండు రోజుల తర్వాత మావాడు పరుగున వచ్చాడు. నిజం పందెంలో కూడా పడవ తిరగబడితే ఎర్రజెండా ఎత్తుతారట, మిగతా పడవలన్నీ ఆగిపోతాయట, రక్షించేవాళ్ళు వెళ్ళి మనిషిని బయటకి తీశాకే మళ్ళీ మొదలట! “బామ్మ రైట్” అన్నాడు. ఎర్ర తల ఉన్న అగ్గిపుల్ల జెండా అయ్యింది. పడవ బోల్తా పడితే అందరం చేతులు తీసేసేవాళ్ళం.

ఆవిడ అక్కడ ఉండిపోలేదండీ. ఆట దొరికినంత మాత్రాన ఊరు మరుపొస్తుందా? డిసెంబరులో బావగారే దగ్గరుండి దిగబెట్టారు. ఇప్పుడు ఆదివారాలు ఫోన్లో బొమ్మ చూసుకుంటూ బామ్మా మనవడూ ఆడుతున్నారు. కాగితం ఇక్కడొకటి, అక్కడొకటి. ఇద్దరూ ఒకరి పడవలు ఒకరు జరుపుతారు. పాచిక వేసేది మాత్రం ఆవిడే. వాడు వేస్తే ఎప్పుడూ ఆరే పడుతోందని ఆవిడకి అనుమానం.