దొరువు నీరు తీపి, బోరు నీరు ఉప్పు: మన తీరపు నేల పుట్టుక

గత వేసవిలో మన సంఘ సమావేశము ముగిసిన పిమ్మట ఒక వృద్ధ రైతు నన్ను నిలిపి ఒక ప్రశ్న వేసెను. "అయ్యా, మా దిబ్బమీది దొరువులో పన్నెండడుగుల లోతుననే నీరు కొబ్బరినీళ్లవలె నున్నది. దానికి నూరు గజముల దూరమున మా అల్లుడు నూరడుగులు బోరు వేయించినాడు. ఉప్పు కషాయము పడినది. ఒకే నేల గదా, ఇదేమి చోద్యము?" అని. ఆ దినమున నేను సూటిగా బదులు చెప్పలేకపోతిని. తరువాత విచారింపగా తెలిసినదేమన, ఆ దొరువు సంగతి చెప్పవలెనన్నచో మన ముత్తుకూరు నేల ఎట్లు పుట్టినదో చెప్పవలెను. అది చెప్పవలెనన్నచో భూమి పైపెచ్చు ఎట్లు కదలుచున్నదో మొదట చెప్పవలెను. కథ కొంత దీర్ఘమైనను చదువరులు ఓపిక పట్టుదురుగాక.

కాచిన పాలమీద మీగడ కట్టినట్లు భూగోళముపై గట్టి రాతిపెచ్చు కట్టియున్నది. అది ఒకే తునక కాదు. కొన్ని పెద్ద తునకలుగాను, పెక్కు చిన్న తునకలుగాను పగిలియున్నది. వీనిని భూఫలకములందురు. వీని అడుగుననున్న శిల గట్టిదేయైనను, మిక్కిలి వేడిచేత మైనమువలె అతి నెమ్మదిగా పారును. ఆ కదలికతో పైనున్న ఫలకములును కదలును. ఖండములు స్థానము మారుచున్నవని జర్మనీ దేశస్థుడైన ఆల్ఫ్రెడ్ వెగెనర్ 1912లో చెప్పినపుడు పండితులు చాలమంది నవ్విరి. ఆయన 1930లో గ్రీన్‌లాండు మంచులో మరణించెను. సముద్రగర్భమును కొలిచి చూచిన తరువాత 1960 తరువాతి సంవత్సరములలో గాని ఆ మాట నిజమని లోకమొప్పుకొనలేదు. మన దేశమున్న ఫలకము ఏటికి రెండంగుళముల చొప్పున ఈశాన్యముగా పోవుచున్నది.

ఫలకపు నడుమ భాగము సామాన్యముగా నిమ్మళముగా నుండును. వింతలన్నియు అంచులయందే. రెండు ఫలకములు ఎడమగుచోట అడుగునుండి కరిగిన శిల పైకి వచ్చి క్రొత్త సముద్రతలమగును. రెండును ఢీకొనుచోట ఒకటి రెండవదాని క్రిందికి దూరును, లేదా రెండును ముడుతలు పడి పర్వతములగును. ఒకదానినొకటి రాచుకొనుచు ప్రక్కకు జరుగుచోట, అమెరికాలోని కాలిఫోర్నియాయందువలె, పర్వతములు పెద్దగా పుట్టవు గాని భూకంపములు మాత్రము తప్పవు. అంచులు ఎల్లకాలము ఒకేచోట నుండవనుట ఇక్కడ ముఖ్యము. నేటి నడిమి భాగము ఒకనాటి అంచు కావచ్చును.

మన నెల్లూరు జిల్లాయే అందులకు సాక్ష్యము. గూడూరు ప్రాంతమునకు పోయినవారు అచట కాకిబంగారపు గనులను, ఎండలో తళతళలాడు పెంకుల గుట్టలను చూచియుందురు. ఆ నేలయందలి రాళ్లు నలిగి, మెలితిరిగి, పొరలుపొరలుగా నిలువునకు లేచియుండును. పెద్ద ఒత్తిడి లేనిదే రాయి అట్లు మడతపడదు. కండ్ర యను చోటనున్న నల్లని శిలలను పరీక్షించిన భూశాస్త్రజ్ఞులు, అవి సుమారు 185 కోట్ల సంవత్సరముల క్రిందటి సముద్రతలపు తునకలనియు, రెండు ఫలకములు ఢీకొన్నపుడు నేలమీదికి త్రోయబడినవనియు నిర్ణయించిరి. అనగా నేడు మనము మేకలను మేపుకొను మెట్టలు ఒకప్పుడు ఫలకపు అంచులు. హిమాలయములయందు నేడు జరుగుచున్నటువంటి పని ఆనాడు ఇచట జరిగినది. ఎత్తులన్నియు వానకు, గాలికి అరిగిపోయి వేళ్లు మాత్రము మిగిలినవి.

తరువాత చాలకాలమునకు మరియొక అంచు మన వాకిటనే ఏర్పడినది. ఈసారి ఢీకొనుట కాదు, విడిపోవుట. భారతదేశము, అంటార్కిటికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా ఇవన్నియు ఒకే మహాఖండముగా నుండెను. దానికి గోండ్వానా యని పేరు. ఆదిలాబాదు మొదలు మధ్యప్రదేశము వరకు నున్న గోండుల నేలను బట్టియే లోకమంతటను ఈ పేరు వాడుకలోనికి వచ్చినది. సుమారు 13 కోట్ల సంవత్సరముల క్రిందట ఈ ఖండము చీలి, మన తూర్పుతీరము అంటార్కిటికానుండి ఊడివచ్చెను. ఆ చీలికయందు నీరు నిండి బంగాళాఖాతమయ్యెను. తూర్పు కనుమల రాళ్లవంటి రాళ్లు నేడు అంటార్కిటికాలోని ఎండర్బీ ల్యాండు ప్రాంతమున మంచుక్రింద నున్నవి. ఒకే గుడ్డను చించి రెండు దేశములలో పారవేసినట్లున్నది గదా! చీలిక జరిగినది మొదలు ఆ అంచు మనకు దూరముగా దక్షిణ సముద్రమునకు జరిగిపోయినది. కావుననే మన తీరమున అగ్నిపర్వతములు లేవు. భూకంపములు బొత్తిగా లేవనుటకు వీలులేదు. 1967 మార్చి 27వ తేదీన ఒంగోలు ప్రాంతమున 5.4 పరిమాణముగల భూకంపము వచ్చినది. పాత చీలికలు ఒత్తిడికి అప్పుడప్పుడు ఇట్లు మూలుగును. అయినను అంచులయందలి భూకంపములతో పోల్చిన ఇది స్వల్పము.

మన ఫలకపు ముందువైపున జరిగినది వేరు. సుమారు 5 కోట్ల సంవత్సరముల క్రిందట భారతదేశము ఆసియాను తాకెను. హిమాలయములు లేచెను. ఎవరెస్టు శిఖరము 29,032 అడుగులు. దాని కొనయందు సముద్రజీవుల గుల్లలుగల సున్నపురాయి దొరకును. అంతటి కొండలనుండి గంగాబ్రహ్మపుత్రలు తెచ్చిన ఒండ్రు బంగాళాఖాతపు అడుగున పరచుకొని, దక్షిణమున సింహళమును దాటి 1,800 మైళ్లకు పైగా వ్యాపించియున్నది. మన బెస్తవారి వలలకు అందని లోతునందు హిమాలయపు మన్ను గూడ నున్నదన్నమాట.

ఇక పెన్న. పడమటి కనుమలవైపు ఎత్తు, తూర్పున పల్లము అగుటచే దక్షిణదేశపు పెద్ద నదులు పెక్కు తూర్పునకే ప్రవహించును. ఈ వాలు గూడ ఖండము చీలుటయొక్క ఫలమే. పెన్న నందికొండలవద్ద పుట్టి, అనంతపురము, కడప సీమలను దాటి, సోమశిలవద్ద వెలికొండల సందునుండి బయటపడి, ఊటుకూరువద్ద సముద్రమును చేరుచున్నది. పాత ఢీకొనుటలలో లేచిన కొండలను పొడిచేసి, చీలికయందు పుట్టిన సముద్రములో పోయుట దాని పని. ఆ పొడియే మన మాగాణి.

సముద్రమట్టము ఎల్లకాలము ఒక తీరున లేదు. 20,000 సంవత్సరముల క్రిందట ధ్రువప్రాంతములయందు మంచు పేరుకొని, సముద్రము నేటికంటె సుమారు 400 అడుగులు దిగియుండెను. మంచు కరగి నీరు పైకెక్కి, ఇప్పటికి ఆరేడువేల యేండ్ల క్రిందట ఇంచుమించు నేటి మట్టమునకు వచ్చి ఆగినది. అప్పటినుండి నది తెచ్చిన ఇసుకను అలలు ఒడ్డునకు వేయుచు, గాలి దానిని ఎత్తి పోయుచు, తీరము మెల్లగా తూర్పునకు జరిగినది. తీరము జరిగినప్పుడెల్ల ఒక ఇసుక దిబ్బ వెనుక మిగిలినది. ముత్తుకూరునుండి తూర్పుగా నడచినచో దిబ్బ, పల్లము, మరల దిబ్బ, మరల పర్రనేల కాళ్లకు తగులుటకు కారణమిదియే. పల్లములలో బంకమన్నును ఉప్పును నిలిచినవి. దక్షిణమున కృష్ణపట్టణముకడ కండలేరు ఉప్పుటేరై కలియుచోట పోటునీరు లోపలికి చొచ్చుచుండును.

ఇప్పుడు దొరువు సంగతికి వత్తము. ఇసుక వాననీటిని వెంటనే పీల్చును. మనకు ప్రధానమైన వాన అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనమువలన కురియునది. ఆ నీరు దిబ్బలోనికి దిగి, అడుగుననున్న ఉప్పునీటిపై తేలుచుండును. ఉప్పునీరు మంచినీటికంటె బరువైనది. నలుబది పాళ్లకు ఒక పాలు అధికము. ఈ భేదమునుబట్టి హాలండు దేశపు గైబెనును, జర్మనీ దేశపు హెర్ట్స్‌బెర్గును, పంతొమ్మిదవ శతాబ్దపు చివరను ఇరువదవ శతాబ్దపు మొదటను వేర్వేరుగా ఒక లెక్క తేల్చిరి. దిబ్బలోని మంచినీరు సముద్రమట్టముపై ఒక అడుగు ఎత్తున నిలిచిన, సముద్రమట్టమునకు దిగువను నలుబది అడుగుల మందమున మంచినీరుండును. రెండడుగులు నిలిచిన ఎనుబది అడుగులు. ఈ లెక్కను తిరుగవేసిన భయము పుట్టును. తోడుటవలన పైమట్టము ఒక్క అడుగు తగ్గినచో అడుగునుండి ఉప్పునీరు నలుబది అడుగులు పైకి వచ్చుటకు సిద్ధమగును.

దొరువు వెడల్పుగా, నిస్సారముగా నుండును. పైనున్న నీరే దానిలోనికి ఊరును. కడవతో తోడినంతవరకే తరుగును, మరునాటికి నిండును. మోటారు బిగించిన బోరు లోతునుండి ఒకే చోట లాగుటచే క్రిందనున్న ఉప్పునీరు గోపురమువలె పైకి లేచి గొట్టములోనికి వచ్చును. ఒకసారి ఉప్పెక్కిన ఇసుక మరల తీపిగుటకు ఒక్క వాన చాలదు, పెక్కు వానలు పట్టును. రొయ్యల గుంటలకు ఉప్పునీరు ఎక్కించుచోట ప్రక్క కయ్యల గతి ఏమగునో మన సభ్యులకు నేను చెప్పనక్కరలేదు. దిబ్బ ఎత్తు తగ్గించినను నష్టమే. ఎత్తైన ఇసుక గుట్ట లేనిచోట వాననీరు సముద్రమట్టమునకు పైన కుప్పగా నిలువజాలదు. ఇసుకను బండ్లకెత్తి అమ్మువారు తమ పొలమునుండి మన్ను మాత్రమే పోవుచున్నదనుకొందురు. పోవునది నీళ్ల గాదె.

దిబ్బకు మరియొక పనియు కలదు. మన ఫలకపు తూర్పు అంచు ఇచటికి సుమారు ఎనిమిది వందల మైళ్ల దూరమున అండమాను దీవులవద్ద ఉన్నది. అచట మన ఫలకము బర్మా ఫలకముక్రిందికి దూరుచున్నది. బ్యారెన్ దీవిలోని అగ్నిపర్వతము 1991లో మరల మేల్కొన్నది ఇందువలననే. 2004 డిసెంబరు 26వ తేదీ ఉదయము ఆరున్నర గంటలకు ఆ అంచు సుమత్రానుండి ఉత్తరముగా 750 మైళ్లకు పైగా ఒక్కసారిగా జారెను. గ్రేట్ నికోబారు దక్షిణపు కొనయైన ఇందిరా పాయింటు దాదాపు 14 అడుగులు క్రుంగి, దీపస్తంభపు పాదము నీట మునిగెను. ఉత్తర అండమాను పడమటి ఒడ్డు పైకి లేచి పగడపు దిబ్బలు ఎండలో బయటపడెను. రెండున్నర గంటలలో అల మన తీరమును చేరెను. ఆంధ్రప్రదేశమున నూరుమందికి పైగా మరణించిరి. తమిళనాడునందు నాగపట్టణము జిల్లాలోనే ఆరువేలమంది. ఇసుక దిబ్బలు చెక్కుచెదరక యున్నచోట నీరు ఆగినది. దిబ్బ తెగినచోటను, ఏటి మొగలయందును లోపలికి చొరబడినది.

ఇందులో ఒక సంగతి తప్పక గుర్తుంచుకొనవలెను. "సునామీకి ముందు సముద్రము వెనుకకు పోవును, దానినిబట్టి తెలియును" అని చాలమంది నమ్ముచున్నారు. 2004లో థాయిలాండునందు అట్లే జరిగెను, ఏలయన పగులునకు ఆవలివైపున సముద్రతలము క్రుంగినది. మనవైపున తలము పైకి లేచుటచే, అల మొదటనే ఎత్తుగా వచ్చి, తరువాత నీరు వెనుకకు తీసి, మరల వచ్చినది. అందుచే నీరు తీసినదా లేదా యని చూచుచు ఒడ్డున నిలిచినవాడు మోసపోవును. మొదటి అల పోయినదని చేపలకొరకు, పడవలకొరకు తిరిగి వెళ్లుటయు అపాయమే. హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థయందు 2007లో సునామీ హెచ్చరిక కేంద్రము స్థాపింపబడినది. అండమానునుండి అల వచ్చుటకు రెండు గంటలకు పైగా పట్టును గనుక, కబురు అందినవెంటనే కదలినచో నడచి పోవుటకైనను వ్యవధి చాలును.

ఈ సంగతులన్నియు ఆ వృద్ధ రైతునకు విన్నవించితిని. ఆయన అంతయు విని, అంటార్కిటికా మాట విడిచి, నలుబది అడుగుల లెక్కను మాత్రము మరల ఒకసారి చెప్పుమనెను. పిమ్మట బోరు మూయించి, దొరువును మరి నాలుగడుగులు వెడల్పు చేయుదుమనియు, దిబ్బ ఉత్తరపు కొనను ఎవరో రాత్రివేళ ఇసుక ఎత్తుచున్నారనియు చెప్పెను. ఆ ఇసుక సంగతి వచ్చే నెల సమావేశపు పట్టికలో 4వ అంశముగా చేర్చబడినది.