కళ్లు మూసుకుని వినండి!
(క్రికెట్ వ్యాఖ్యానంలో మంచిచెడులు)

మా గదిలో నలుగురం ఉంటాం. ముగ్గురం మ్యాచ్ చూస్తాం, ఒకడు వింటాడు. వాడికి పుట్టుకతోనే చూపు లేదు. క్రికెట్ పిచ్చి మాత్రం మా ముగ్గురికీ కలిపి ఎంతుందో వాడొక్కడికే అంత ఉంది. మొన్నీమధ్య ఒక వన్డే మ్యాచ్ రోజున సెల్‌ఫోన్‌ను బకెట్ మీద నిలబెట్టి, తెలుగు వ్యాఖ్యానం పెట్టుకుని కూర్చున్నాం. ఉన్నట్టుండి స్టేడియం హోరెత్తింది. వ్యాఖ్యాతలు ఇద్దరూ ఒకేసారి అరిచారు. తర్వాత నవ్వుకున్నారు. తర్వాత ఏదో సినిమా డైలాగు చెప్పుకున్నారు. మా వాడు "ఏమైందిరా?" అన్నాడు. సిక్సర్ అని చెప్పాం. రెండు బంతుల తర్వాత మళ్లీ "ఏమైందిరా?" అన్నాడు. ఔట్ అని చెప్పాం. అప్పుడు వాడు అన్న మాటే ఈ వ్యాసానికి కారణం.

"వాళ్లు చెప్పాల్సింది మీరు చెప్తున్నరేందిరా?"

నిజమే కదా అనిపించింది. వ్యాఖ్యాత పని ఏమిటి? బాగా చెప్పడం అంటే ఏమిటి? మన వసతిగృహంలో మ్యాచ్ ఉన్న రోజు మెస్సులో కూడా ఇదే చర్చ కాబట్టి, మేము చదివి, విని, అన్నలను అడిగి తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాం.

బొమ్మ ఒకచోట, గొంతు ఒకచోట

పాత బ్యాచ్ అన్నలు వార్షికోత్సవానికి వచ్చినప్పుడల్లా ఒక మాట చెబుతారు. ఆ రోజుల్లో హాస్టల్‌లో టీవీ లేదు. అబిడ్స్‌లో టీవీ దుకాణాల అద్దాల ముందు నిలబడి మ్యాచ్ చూసేవారట. బొమ్మ కనబడేది గానీ అద్దం అవతలి శబ్దం వినబడేది కాదు. స్కోరు కూడా తెరమీద ఎప్పుడో ఒకసారి వచ్చేది. కాళ్లు నొప్పి పుట్టాక నాంపల్లి స్టేషన్ వైపు నడిచి, ఇరానీ హోటల్‌లో ఒక చాయ్ ఇద్దరు పంచుకుని రేడియో వినేవారట. అక్కడ గొంతు ఉండేది, బొమ్మ ఉండేది కాదు.

"ఎక్కడ ఆట బాగా అర్థమయ్యేది అన్నా?" అని అడిగితే, ఎక్కువమంది రేడియో దగ్గరే అన్నారు. మాకు మొదట ఆశ్చర్యం వేసింది. ఆలోచిస్తే విషయం తెలిసింది. రేడియో వ్యాఖ్యాతకు తప్పించుకునే దారి లేదు. బంతి ఎక్కడ పడింది, ఎటు పోయింది, ఎవరు ఆపారు, ఎన్ని పరుగులు, మొత్తం స్కోరెంత అనే అయిదు ముక్కలూ తర్వాతి బంతి పడేలోపు చెప్పి తీరాలి. చెప్పకపోతే వినేవాడికి ఆటే లేదు.

ఇంకో సంగతి. ఆకాశవాణి జాతీయ ప్రసారంలో కొంతసేపు ఇంగ్లీషు, కొంతసేపు హిందీ వంతులవారీగా వచ్చేవి. పాలమూరు నుంచో నల్లగొండ నుంచో వచ్చిన పిల్లలు రెండు పరాయి భాషల నడుమ ఆటను పట్టుకున్నారు. "లెఫ్ట్, రైట్, బిహైండ్, బిట్వీన్ అనే మాటలు మాకు గ్రామర్ పుస్తకం కంటే ముందు కామెంటరీయే నేర్పింది" అని ఒక అన్న నవ్వుతూ చెప్పారు.

మన వసతిగృహం నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న లాల్ బహదూర్ స్టేడియంలోనే 1955 నవంబరులో హైదరాబాద్ తొలి టెస్టు జరిగింది. న్యూజిలాండ్‌పై పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు చేశారు. టెస్టుల్లో భారతీయుడు చేసిన మొదటి ద్విశతకం అదే. 1999 నవంబరు 8న అదే మైదానంలో, అదే న్యూజిలాండ్‌పై సచిన్ 186 నాటౌట్, ద్రావిడ్ 153 చేసి 331 పరుగుల భాగస్వామ్యం నెలకొల్పారు. ఆనాడు అది వన్డేల్లో ప్రపంచ రికార్డు. టికెట్ కొనలేని అన్నలకు స్టేడియం అరుపులు గాలిలో వినిపించేవట. ఆ అరుపు దేనికో మాత్రం రేడియోయే చెప్పాలి.

ఈ కళ ఎలా పుట్టింది?

ఆటను రేడియోలో చెప్పడం అమెరికాలో బేస్‌బాల్‌తో ఊపందుకుంది. 1921 ఆగస్టు 5న పిట్స్‌బర్గ్ నగరంలోని కె.డి.కె.ఎ. రేడియో ద్వారా హెరాల్డ్ ఆర్లిన్ ఒక బేస్‌బాల్ మ్యాచ్‌ను శ్రోతలకు వినిపించారు. అమెరికా పెద్ద లీగు మ్యాచ్ రేడియోలో రావడం అదే మొదలు. తర్వాత రెడ్ బార్బర్ అనే ప్రముఖ వ్యాఖ్యాత తన పక్కన ఇసుక గడియారం ఒకటి పెట్టుకునేవారు. మూడు నిమిషాలకు ఇసుక కిందికి జారిపోగానే స్కోరు చెప్పి దాన్ని తిప్పి పెట్టేవారు. ఇప్పుడే రేడియో తిప్పినవాడు ఎదురుచూడకూడదని ఆయన పట్టింపు. ఆయన శిష్యుడు విన్ స్కల్లీ 1950 నుంచి 2016 వరకు 67 సీజన్లు డాడ్జర్స్ జట్టు ఆటలు చెప్పారు. మైదానంలో కూర్చుని కళ్లారా చూస్తున్నవాళ్లు కూడా ట్రాన్సిస్టర్ తెచ్చుకుని ఆయన మాట వినేవారంటే ఆయన గొప్పతనం ఊహించుకోవచ్చు.

మన దేశంలో ఎ.ఎఫ్.ఎస్. తల్యార్‌ఖాన్ బొంబాయి మ్యాచ్‌లను రోజంతా ఒక్కరే చెప్పేవారు. మైకు ఇంకొకరితో పంచుకోవడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. అంతకు ముందు తరంలో పల్వంకర్ బాలూ ఉన్నారు. దళిత కుటుంబంలో పుట్టి, పూనాలో మైదానం బయట మట్టి ముంతలో టీ తాగాల్సి వచ్చిన ఆ స్పిన్నర్ 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశారు. అప్పటికి రేడియో లేదు. వికెట్ల లెక్క మిగిలింది గానీ, ఆయన బంతి గాలిలో ఎలా తిరిగేదో బంతి బంతికీ చెప్పిన గొంతు మనకు లేదు. వర్ణించి చెప్పేవాడు లేకపోతే ఎంత పోతుందో చెప్పడానికే ఆయన పేరు తలుచుకున్నాం.

మంచి వ్యాఖ్యానానికి అయిదు గుర్తులు

మొదటిది స్కోరు. టీవీలో తెరమీద ఉంటుంది కదా అని చాలామంది వదిలేస్తారు. వంటింట్లో ఉన్న అమ్మకు, సైకిల్ తొక్కుతూ వినే తమ్ముడికి, మా గది మిత్రుడికి తెర ఉండదు.

రెండోది వర్ణన. "వావ్! ఏం షాట్! దుమ్ము దులిపేశాడు!" అంటే ఏమీ తెలియదు. అదే ఇలా చెప్పి చూడండి: "కాస్త పొట్టిగా పడిన బంతి, ఆఫ్ స్టంప్‌కు జానెడు బయట. వెనక్కి జరిగి కోశాడు. పాయింట్‌కూ కవర్‌కూ మధ్య సందులోంచి నేలబారుగా పోయింది. తరిమారు, అందలేదు. నాలుగు పరుగులు. స్కోరు నాలుగు వికెట్లకు 112." పొట్టిగా, జానెడు, కోశాడు, సందు, నేలబారుగా. ఇవన్నీ మన ఇంట్లో మాటలే. పాయింట్, కవర్ లాంటి పేర్లు ఇంగ్లీషులోనే ఉన్నా నష్టం లేదు.

మూడోది కారణం చెప్పడం. ఆటగాడిగా పేరు తెచ్చుకున్నవాళ్లు వ్యాఖ్యాతలైతే ఇక్కడే అక్కరకొస్తారు. బౌలర్ వేళ్లు సీమ్ మీద ఎలా ఉన్నాయి, స్లిప్ ఎందుకు తీశారు అన్నది వాళ్లు చెప్పగలరు. తమ పాత ముచ్చట్లకే పరిమితమైతే ప్రయోజనం లేదు. విజయనగరం మహారాజకుమార్ 'విజ్జీ' 1936లో భారత జట్టుకు కెప్టెన్. తర్వాత రేడియో వ్యాఖ్యాత. ఆట వదిలి ఎటెటో వెళ్లిపోతారని పేరు. ఆయన పులులను తుపాకీతో కాల్చలేదు, తన కామెంటరీ రేడియో పెట్టి విసుగుతో చంపారని ఒక ఛలోక్తి ఇప్పటికీ చెప్పుకుంటారు.

నాలుగోది మౌనం. 1974లో హ్యాంక్ ఆరన్ 715వ హోమ్ రన్ కొట్టి పాత రికార్డును దాటినప్పుడు విన్ స్కల్లీ ఆ సంగతి చెప్పి, మైకు దగ్గర నుంచి లేచి, జనం హోరునే వినిపించారు. ఆస్ట్రేలియా మాజీ కెప్టెన్ రిచీ బెనో టీవీలో ఇదే పద్ధతి పాటించారు. బొమ్మకు అదనంగా చెప్పేది ఉంటేనే నోరు తెరవాలన్నది ఆయన సూత్రం. రేడియోలో ఎక్కువ మౌనం తప్పు, టీవీలో ఎక్కువ మాట తప్పు.

అయిదోది నిజాయితీ. 1930లలో రొనాల్డ్ రీగన్ అయోవాలో రేడియో వ్యాఖ్యాత. స్టూడియోలో కూర్చుని, టెలిగ్రాఫ్‌లో వచ్చే ముక్కలను బట్టి చూసినట్టే చెప్పేవారు. ఒకసారి తీగ తెగిపోతే, వార్త మళ్లీ వచ్చేదాకా బ్యాటర్ బంతిని వరసగా పక్కకు కొడుతున్నాడని కల్పించి చెప్పారట. ఈ కథ ఆయనే తర్వాత చెప్పుకున్నారు. 1981లో అమెరికా అధ్యక్షుడయ్యారు. వినడానికి సరదాగానే ఉంటుంది. కానీ చూడలేనివాడు మనల్ని నమ్మి వింటున్నాడు. మనవాడు చేసిన తప్పును కప్పిపుచ్చినా, అవతలివాడి మంచి బంతిని మెచ్చుకోకపోయినా ఆ నమ్మకాన్ని వమ్ము చేసినట్టే.

తెలుగులో ఎందుకు పట్టించుకోవాలి?

హిందీ వ్యాఖ్యానానికి సుశీల్ దోషీ వంటివారు ఏళ్ల తరబడి మాటలు కూర్చారు. 2016లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. టీవీలో ఐపీఎల్‌కు తెలుగు వ్యాఖ్యానం ఈమధ్య సంవత్సరాల్లోనే వచ్చింది. 2018 డిసెంబరులో స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఛానల్ మొదలైంది. మన హైదరాబాదీ స్పిన్నర్ వెంకటపతి రాజు వంటివారు మైకు పట్టారు. అంటే మన భాషలో టీవీ వ్యాఖ్యానం వయసు ఇంకా చిన్నది. ఇప్పుడు పడిన అలవాట్లే నిలిచిపోతాయి.

మాలో చాలామందిమి ఇంట్లో మొదట డిగ్రీ చదివినవాళ్లం. ఎండాకాలం సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు ఒక తెలుగు వ్యాఖ్యాత ఎల్బీడబ్ల్యూ గురించి నింపాదిగా చెప్పారు. బియ్యం ఏరుతున్న మా అమ్మ తలెత్తి, "అంటే కాలు అడ్డం లేకుంటే వికెట్‌కు తాకేదన్నట్టు, గంతేనా?" అంది. పదేళ్లుగా మేము చూస్తున్న ఆటలోకి అమ్మ ఆ రోజు వచ్చింది. మంచి వ్యాఖ్యానం చేసే పని అది. అరుపులు, సినిమా డైలాగులు ఆ పని చేయలేవు.

తమ్ముళ్లకు మా మాట

హర్షా భోగ్లే మన హైదరాబాద్‌వారే. ఉస్మానియాలో కెమికల్ ఇంజినీరింగ్ చదివారు. దేశం తరఫున ఆడలేదు. 19 ఏళ్ల వయసులో ఇక్కడి ఆకాశవాణిలోనే వ్యాఖ్యానం మొదలుపెట్టారు. ఆయన తల్లిదండ్రులు ఆచార్యులు, మన ఇళ్లు వేరు. అయినా ఆట ఆడకపోయినా సరే, చూపు, మాట, సాధన ఉంటే మైకు దొరుకుతుందని ఆయన్ని చూసి నేర్చుకోవచ్చు.

మేము ఒక ప్రయోగం చేశాం. ఒక ఆదివారం హాస్టల్ పిల్లలు రెండు జట్లుగా ఆడుతుంటే, మా మిత్రుణ్ణి గోడ నీడలో కూర్చోబెట్టి, ఒక్కొక్కరం వాడికి రెండేసి ఓవర్లు చెప్పాం. వాడే పరీక్షకుడు. "ఏమైందిరా?" అని అడిగిన ప్రతిసారీ ఒక మార్కు కోత. పీజీ చదువుతున్న మా ముగ్గురికీ బాగానే కోత పడింది. చివర ఇంటర్ మొదటి సంవత్సరం తమ్ముడు ఒకడు సిగ్గుపడుతూ కూర్చుని, తన పాలమూరు మాటలో మొదలుపెట్టాడు. బంతి వేపచెట్టు దిక్కు ఉరికిందన్నాడు, ఎవరు ఉరుకుతున్నారో చెప్పాడు, ప్రతి బంతికీ స్కోరు చెప్పాడు. రెండు ఓవర్లూ అయ్యేదాకా మా వాడు ఒక్కసారి కూడా ఏమైందని అడగలేదు.

వచ్చే వార్షికోత్సవ క్రీడలకు మైకు ఆ తమ్ముడికే ఇవ్వాలని వార్డెన్ సార్‌ను కోరుతున్నాం.