మళ్ళీ తీయదగ్గ సినిమా ఏది?

పాత సినిమాను మళ్ళీ తీస్తున్నామని ఎవరైనా ప్రకటించగానే తెలుగునాట ముందుగా వినిపించే మాట, ‘ఆ ఆణిముత్యం జోలికి ఎందుకు పోవడం?’ అని. ఈ మాటలో అభిమానం ఉంది గాని చరిత్ర లేదు. ముట్టుకోకూడదని మనం అంటున్నవాటిలో కొన్ని అంతకుముందే ఒకసారి తెరకెక్కినవి. 1957 నాటి ‘మాయాబజార్’కు ఇరవై ఏళ్ళ ముందే, 1936లో ‘శశిరేఖా పరిణయం’ వచ్చింది. 1963 ‘లవకుశ’కు ముందు 1934లోనే సి.పుల్లయ్య ‘లవకుశ’ తీశారు. రెండోదాన్ని మొదలుపెట్టిందీ ఆయనే, పూర్తిచేసింది ఆయన కొడుకు సి.ఎస్.రావు. ‘గుండమ్మ కథ’కు మాతృక విఠలాచార్య కన్నడంలో తీసిన సినిమా. అంటే రీమేక్ చేయవచ్చా, కూడదా అన్న తగువు మన తాతల కాలంలోనే తీరిపోయింది. ఇక తేల్చుకోవలసింది ఏది తీయాలి, ఎందుకు తీయాలి అన్నదే.

ఈ సంగతి తేల్చడానికి నెల్లూరులో పుట్టిన దర్శకుడు పి.పుల్లయ్యను మించిన సాక్షి దొరకడు. లవకుశ తీసిన కాకినాడ పుల్లయ్య వేరు, ఈయన వేరు. ఈయన 1939లో తిరుపతి వెంకన్న కథను తెరకెక్కించారు. అందులో సి.ఎస్.ఆర్.ఆంజనేయులు స్వామి, పుల్లయ్య భార్య శాంతకుమారి పద్మావతి. ఇరవై ఒక్క ఏళ్ళ తర్వాత, 1960లో, ఆ కథనే ‘శ్రీ వేంకటేశ్వర మహత్యం’గా మళ్ళీ తీశారు. ఈసారి స్వామి ఎన్టీ రామారావు, పద్మావతి సావిత్రి. రచన సూళ్ళూరుపేట దగ్గరి మంగళంపాడులో పుట్టిన ఆత్రేయది, సంగీతం పెండ్యాలది. థియేటర్ల ఆవరణలో స్వామి విగ్రహం పెడితే, జనం గుడికి వచ్చినట్టే దండం పెట్టి కానుకలు వేశారు.

తను తీసిన కథను తనే మళ్ళీ ఎందుకు తీసినట్టు? మొదటిసారి తీసేనాటికి తెలుగు టాకీ వయసు ఏడేళ్ళు. నేపథ్యగానం ఇంకా కుదురుకోలేదు. ఎవరి పాట వాళ్ళే పాడుకోవాలి కనుక వేషం ఇచ్చేముందు గొంతు చూడక తప్పేది కాదు. 1960కి ఆ ఇబ్బంది లేదు. పైగా ఘంటసాలే తెర మీదికి వచ్చి స్వామి ముందు కూర్చుని పాడారు. అన్నిటికన్నా గమనించదగ్గది శాంతకుమారి వేషం. అప్పటి పద్మావతి ఇప్పుడు వకుళమాత అయింది. యశోదగా ఉన్న జన్మలో కృష్ణుడి పెళ్ళి కళ్ళారా చూడలేకపోయిన తల్లి, ఈ జన్మలోనైనా కొడుకు పెళ్ళి చేయాలని తపించే పాత్ర అది. తన పాట తానే పాడుకున్న ఆ వకుళ, ప్రేక్షకులకు పద్మావతితో సమానంగా గుర్తుండిపోయింది. పుల్లయ్య చేసింది నకలు కాదు. మొదటిసారి చేతకానిది, చేతిలో లేనిది రెండోసారి పూర్తిచేశారు. రీమేక్‌కు నేను పెట్టే పరీక్ష ఇదే: మొదటి సినిమాలో పని మిగిలి ఉందా?

బయటి ఉదాహరణలూ ఈ పరీక్షకు నిలుస్తాయి. హిచ్‌కాక్ ‘ది మ్యాన్ హూ న్యూ టూ మచ్’ను 1934లో ఒకసారి, 1956లో ఒకసారి తీశాడు. 1923లో మూకీగా తీసిన ‘టెన్ కమాండ్‌మెంట్స్’ను సిసిల్ డిమిల్ 1956లో మాటలతో, రంగులతో మళ్ళీ తీశాడు. బరువా ‘దేవదాస్’కు కెమెరా పట్టిన బిమల్ రాయ్ ఇరవై ఏళ్ళకు, 1955లో, దిలీప్ కుమార్‌తో తన ‘దేవదాస్’ తీశాడు. వీళ్ళంతా లోపలి మనుషులు. ఎక్కడ వెలితి ఉందో వాళ్ళకు తెలుసు.

వెలితి లేనిచోట చేయి పెడితే ఏమవుతుందో మన దేవదాసే చెబుతాడు. 1953 ‘దేవదాసు’లో అక్కినేని చూపు, సావిత్రి మౌనం, సుబ్బురామన్ బాణీ, ఘంటసాల గొంతు విడదీయరానంతగా కలిసిపోయాయి. 1974లో విజయనిర్మల దర్శకత్వంలో కృష్ణ దేవదాసుగా వచ్చారు. ఆరుద్ర పాటలు రాశారు, రమేష్ నాయుడు సంగీతమిచ్చారు. పనితనానికి లోటు లేదు, అయినా జనం ఒప్పుకోలేదు. కథ బెంగాలీ నవలాకారుడు శరత్‌బాబుదే కావచ్చు, తెలుగువాళ్ళ మనసులో ఉన్నది మాత్రం ఆ మనుషుల దేవదాసు. 2007లో ‘షోలే’ను మళ్ళీ తీసిన రామ్‌గోపాల్ వర్మకూ ఇదే అనుభవం. ‘షోలే’ గొప్పతనం కథలో కన్నా గబ్బర్‌సింగ్ గొంతులో, నడకలో ఉంది. వాటిని కొత్త నటుడి చేత అప్పజెప్పించలేం.

పురాణాలు అందరివీ, వాటిని మళ్ళీ తీస్తే రీమేక్ ఎలా అవుతుందని ఒక అభ్యంతరం. ఇందులో సగం నిజం ఉంది. పురాణ కథ ఏ ఒక్క సినిమాలోనూ ఇమడదు కనుక దానిలో పని ఎప్పుడూ మిగిలే ఉంటుంది. అయితే 2011లో బాపు ‘శ్రీరామరాజ్యం’ తీసినప్పుడు ప్రేక్షకుడు పోల్చింది ఉత్తరకాండతో కాదు, ‘లవకుశ’తో. ఇక్కడే కాలం తెచ్చిన తేడా ఉంది. 1960లో వెంకన్న సినిమా చూసినవాడికి 1939 నాటిది జ్ఞాపకం మాత్రమే. ప్రింటు అరిగిపోతే పాత సినిమా పోయినట్టే, కొత్తది తీయడమే దిక్కు. ఇప్పుడు హాలు నుంచి బయటికొచ్చినవాడు బస్సెక్కేలోగా ఫోన్‌లో పాతదాన్ని చూడగలడు. రీమేక్ తీసేవాళ్ళకు పరీక్ష కఠినమైంది.

ఈ తరం నలుపు తెలుపు సినిమాలు చూడదు కదా అన్నది రెండో అభ్యంతరం. అదే నిజమైతే చేయాల్సింది పాతదాన్ని శుభ్రం చేసి చూపించడం. 2010లో రంగులద్ది, శబ్దం బాగుచేసి ‘మాయాబజార్’ను మళ్ళీ విడుదల చేశారు. రంగులు అక్కరలేదనేవాళ్ళున్నా, ఎస్వీ రంగారావును మరొకరితో మార్చవలసిన అవసరమైతే రాలేదు. ఆత్రేయ ఊరి పక్కనే సూళ్ళూరుపేటలో ఇప్పుడు వందడుగుల వెడల్పు తెర ఉన్న థియేటర్ ఉంది. అలాంటి తెర మీద మంచి ప్రింటుతో వేస్తే పాత సినిమాకు కొత్త ప్రేక్షకులు దొరకరని ముందే తీర్మానించడం తొందరపాటు.

మరి మళ్ళీ తీయదగ్గది ఏది? పుల్లయ్య తీసిన సినిమాల్లోనే ఒకటుంది. 1955 ‘కన్యాశుల్కం’లో ఎన్టీఆర్ గిరీశం, సావిత్రి మధురవాణి, నాటి వెంకన్న సీఎస్సార్ రామప్ప పంతులు. నటనకు వంక పెట్టలేం. కానీ గురజాడది ఏడంకాల నాటకం, ఉన్నదున్నట్టు ఆడితే ఒక పూటలో తేలదు. దాన్ని మూడు గంటల్లోకి కుదించక తప్పని కాలమది. ఈనాడు పది భాగాల సిరీస్ తీసే వెసులుబాటు ఉంది. నిర్మాతలకు క్లాసిక్ మీద అంత ప్రేమే ఉంటే నిండుగా ఉన్న ‘గుండమ్మ కథ’ను వదిలేసి, ఇంకా చోటున్న ‘కన్యాశుల్కం’ మీద డబ్బు పెట్టాలి. అది బాగా కుదిరితే గురజాడకు న్యాయం జరుగుతుంది, కుదరకపోయినా సావిత్రి మధురవాణికి వచ్చే నష్టమేమీ లేదు.